స్టాక్స్ పాటలు ఎవరివి?

నా ఫోన్లో ఎడ్డీ ఫ్లాయిడ్ అనే గాయకుడి పాటలు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 1966లో వచ్చిన ‘నాక్ ఆన్ వుడ్’. రెండోది 1968లో వచ్చిన ‘ఐ హావ్ నెవర్ ఫౌండ్ ఎ గర్ల్’. రెండూ అమెరికాలోని మెంఫిస్ నగరంలో, మెక్లెమోర్ అవెన్యూలోని 926 నంబరు భవనంలో, ఒకే గదిలో రికార్డు చేసినవి. రెండింటిలోనూ గిటారు స్టీవ్ క్రాపర్‌ది, డ్రమ్స్ అల్ జాక్సన్‌వి. రెండూ విడుదల చేసింది స్టాక్స్ అనే కంపెనీయే. కానీ ఇవాళ మొదటి పాట అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీది, రెండో పాట కాంకర్డ్ అనే ఇంకో కంపెనీది. గొంతు, గది, చేతులు మారలేదు. మధ్యలో ఒక కాగితం బయటపడింది, అంతే.

స్టాక్స్ గురించి ఎక్కడ చదివినా ఒకే కథ కనిపిస్తుంది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోకూడని ఊళ్లో, ఒక పాత సినిమా హాల్లో మాత్రం ఇద్దరూ కలిసి పాట కట్టారు. వాళ్ల గొప్ప గాయకుడు ఓటిస్ రెడింగ్ చనిపోయాడు, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు, ఆ దుఃఖంలో ఆ అందమైన కల చెదిరిపోయింది అని. అందులో నిజం ఉంది. నాకూ ఆ కథంటే ఇష్టమే. కానీ స్టాక్స్ దుఃఖంతో చచ్చిపోలేదు. దుఃఖం తర్వాత ఏడెనిమిదేళ్లు బతికింది, ముందుకంటే పెద్దదైంది. దాన్ని చంపింది సంతకాలు, బాకీలు, యాజమాన్యం. ఆ గదిలో ఉన్న సమానత్వం కాగితాల మీద లేదు. నేను చెప్పాలనుకున్నది ఇదే. కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను.

జిమ్ స్టూవర్ట్ పగలు బ్యాంకులో పనిచేసేవాడు, రాత్రి ఫిడేలు వాయించేవాడు. ఆయన వాయించింది కంట్రీ సంగీతం, అంటే పల్లెటూరి తెల్లవాళ్ల పాట. 1957లో శాటిలైట్ అనే పేరుతో చిన్న రికార్డు కంపెనీ పెట్టాడు. సరైన రికార్డింగ్ మిషను కొనడానికి డబ్బు లేదు. ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్, తనకంటే పన్నెండేళ్లు పెద్దది, ఆమె కూడా బ్యాంకు ఉద్యోగే. ఇల్లు తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చి ఆంపెక్స్ మిషను కొనిపెట్టింది. ఆమె పనిచేసిన బ్యాంకు పేరు యూనియన్ ప్లాంటర్స్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర మళ్లీ వస్తుంది.

1960లో వాళ్లు మెక్లెమోర్ అవెన్యూకి వచ్చారు. అక్కడ కాపిటల్ థియేటర్ అనే సినిమా హాలు ఖాళీగా పడి ఉంది. అద్దె నెలకు 150 డాలర్లు. కుర్చీలు పీకేశారు. హాలు నేల వాలుగా ఉంటుంది కదా, దాన్ని చదును చేయించే డబ్బు లేక అలాగే వదిలేశారు. తెర ఉండే వేదిక కంట్రోల్ రూమ్ అయింది. ముందు భాగంలో ఇంటర్వెల్‌లో చిరుతిళ్లు అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల కొట్టు పెట్టింది.

నన్నడిగితే స్టాక్స్ అసలు చరిత్ర ఆ కొట్టులోనే ఉంది. సంగీతం గురించి రాసేవాళ్లు స్టూడియో గురించి పేజీలకు పేజీలు రాసి, కొట్టుని రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఆ చుట్టుపక్కల అప్పటికే నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండేవి. బడి వదలగానే పిల్లలు వచ్చేవాళ్లు. కొన్నా కొనకపోయినా ఎస్టెల్ వాళ్లని తరిమేది కాదు. ఏ పాట వేస్తే కాళ్లు ఆడిస్తున్నారు, ఏ పాట మధ్యలో మాటల్లో పడిపోతున్నారు అన్నీ గమనించేది. లోపల కొత్తగా రికార్డయిన పాటని బయట కొట్టులో వేసి వాళ్ల ముఖాలు చూసేది. తమ్ముడికి సోల్ సంగీతం అంటే ఏమిటో మొదట్లో తెలియదు. గుళ్లో పాడే గాస్పెల్‌లోని ఆవేశం, బ్లూస్‌లోని బాధ కలిసి బజారులోకి వచ్చిన పాట అది. దాన్ని ఆయన అక్క కౌంటర్ వెనక నిలబడి, కొనేవాళ్ల దగ్గర నేర్చుకుంది.

1961లో ‘లాస్ట్ నైట్’ అనే వాయిద్య గీతం విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. జిమ్‌కి దాన్ని విడుదల చేయాలన్న తొందర లేదు. ఎస్టెల్ పట్టుబట్టింది. అందులో ఆమె కొడుకు ప్యాకీ శాక్సఫోన్ వాయించాడు కాబట్టి తల్లి మనసు కూడా ఉండొచ్చు. కానీ కొట్టులో పిల్లలు ఆ పాటని మళ్లీ మళ్లీ అడుగుతున్నారని ఆమెకు తెలుసు. అది దేశం మొత్తం మీద మూడో స్థానం దాకా వెళ్లింది. అప్పుడే కాలిఫోర్నియాలో శాటిలైట్ పేరుతో ఇంకో కంపెనీ ఉందని బయటపడి పేరు మార్చుకోవాల్సి వచ్చింది. స్టూవర్ట్‌లోంచి ‘స్ట్’, ఆక్స్‌టన్‌లోంచి ‘ఆక్స్’. స్టాక్స్.

మనుషులు కూడా ఆ కౌంటర్ దగ్గరే దొరికారు. స్టీవ్ క్రాపర్ అక్కడ రికార్డులు అమ్మేవాడు. బుకర్ టి. జోన్స్ ఇల్లు నడిచి వచ్చేంత దూరంలోనే. కొనడానికి డబ్బులు లేకపోయినా వచ్చి గంటల తరబడి వినేవాడు. డేవిడ్ పోర్టర్ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో పనిచేసేవాడు. తర్వాత ఐజాక్ హేస్‌తో కలిసి శామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంట కోసం ఆ కాలపు గొప్ప పాటలు రాశాడు. రేడియోలో పేరున్న రూఫస్ థామస్ 1960లో కూతురు కార్లాని వెంటపెట్టుకుని వచ్చి పాడినప్పుడు, పెద్ద శాక్సఫోన్ వాయించడానికి మనిషి కావాల్సొచ్చింది. పోర్టర్ స్కూలుకి వెళ్లి బుకర్‌ని క్లాసులోంచి లాక్కొచ్చాడు. కంపెనీ ఎదిగింది ఇలా, వీధిలోంచి.

ఆ వాలు నేల సంగతి కూడా చెప్పాలి. పెద్ద హాలు, వాలు నేల, చెవులకు హెడ్‌ఫోన్లు లేవు. ఈ మూల డ్రమ్ము మోగితే ఆ మూలకి శబ్దం కాస్త ఆలస్యంగా చేరేది. వాయించేవాళ్లు ఒకరినొకరు చూసుకుంటూ, ఒకరి కోసం ఒకరు రవ్వంత ఆగుతూ వాయించడం అలవాటు చేసుకున్నారు. 1965లో విల్సన్ పికెట్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తున్నప్పుడు న్యూయార్క్ నుంచి వచ్చిన అట్లాంటిక్ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్, అప్పట్లో కుర్రాళ్లు వేస్తున్న ఒక కొత్త స్టెప్పు వేసి చూపించి, దరువు ఇలా వెనక్కి పడాలన్నాడు. పెద్దమనిషి స్టూడియోలో డాన్స్ చేసిన ఆ ముచ్చట క్రాపర్ ఎన్నోసార్లు చెప్పాడు. స్టాక్స్ పాటల్లో తొందర ఉండదు. రెండో దరువు కోసం మన ఒళ్లు ఎదురుచూస్తుంది. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ వాళ్ల పాట ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటే, ఇది చెమట పట్టిన చొక్కా. మోటౌన్ తన ఇంటి మీద ‘హిట్స్‌విల్’ అని రాసుకుంటే, వీళ్లు హాలు ముందు బోర్డు మీద ‘సోల్స్‌విల్’ అని పెట్టుకున్నారు.

1962లో ఒకరోజు రావాల్సిన గాయకుడి పని సాగక, ఖాళీగా ఉన్న నలుగురు వాయించుకుంటూ కూర్చుంటే ‘గ్రీన్ ఆనియన్స్’ పుట్టింది. బుకర్‌కి అప్పుడు పదిహేడేళ్లు. అతనూ అల్ జాక్సనూ నల్లవాళ్లు, క్రాపర్ తెల్లవాడు, బేస్ గిటారు మీద మొదట లూయీ స్టైన్‌బర్గ్, తర్వాత తెల్లవాడైన డక్ డన్. బుకర్ టి అండ్ ది ఎంజీస్ అంటే వీళ్లే. అదే ఏడాది జార్జియా నుంచి ఒక బృందం వస్తే, కారు నడుపుకుంటూ వచ్చిన కుర్రాడు చివర్లో తనకూ ఒక అవకాశం ఇవ్వమని అడిగాడు. అతనే ఓటిస్ రెడింగ్.

ఎంజీస్ నలుగురూ బయట హోటల్లో కలిసి భోంచేసే పరిస్థితి ఆ ఊళ్లో లేదు. అందుకే నల్లజాతి దంపతులు నడిపే లొరైన్ మోటెల్‌కి వెళ్లేవాళ్లు. అక్కడ గదులుండేవి, భోజనం దొరికేది, ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. ‘నాక్ ఆన్ వుడ్’ ఫ్లాయిడ్, క్రాపర్ కలిసి రాసింది అక్కడే.

కలిసి బతికారు, కలిసి వాయించారు, అది అబద్ధం కాదు. కానీ కంపెనీ మాత్రం అక్కాతమ్ముళ్లది. వాళ్లు మంచివాళ్లు. ఎస్టెల్‌ని పాటగాళ్లు సొంత అమ్మలా చూసుకున్నారు. నా గొడవ వాళ్ల మనసుతో కాదు. మంచి మనసు మీద నడిచే వ్యవస్థలో ఒక ప్రమాదం ఉంది. మనం మంచివాళ్లం కాబట్టి ఎదుటివాళ్లూ అలాగే ఉంటారనుకుంటాం, కాగితం చదవం. జిమ్ సరిగ్గా అదే చేశాడు.

రూఫస్, కార్లాల పాట ఆ ప్రాంతంలో ఆడగానే అట్లాంటిక్ కంపెనీ స్టాక్స్ రికార్డులను దేశమంతా పంపిణీ చేస్తానంది. మొదట అది చేయి చేయి కలిపి చేసుకున్న ఒప్పందం. 1965లో జిమ్ రాతకోతలు కావాలన్నాడు. అట్లాంటిక్‌ని ఎవరికైనా అమ్మేస్తే తన గతేమిటన్నది అతని భయం. కాగితం వచ్చింది. అతను లాయరుకు చూపించకుండా సంతకం పెట్టాడు. 1967 చివర్లో అట్లాంటిక్‌ని వార్నర్ బ్రదర్స్ సెవెన్ ఆర్ట్స్‌కి నిజంగానే అమ్మేశారు. కొత్త ఒప్పందం కుదరక, మా టేపులు మాకిచ్చేయండని జిమ్ అడిగినప్పుడు తెలిసింది: అట్లాంటిక్ పంపిణీ చేసిన ప్రతి స్టాక్స్ రికార్డు మాస్టర్ టేపు మీదా హక్కు అట్లాంటిక్‌దేనని ఆ కాగితంలో ఉంది. పంపిణీ హక్కు కాదు, పూర్తి యాజమాన్యం.

మన సినిమాల్లో ‘ఆడియో హక్కులు’ అంటాం కదా, మాస్టర్ టేపు అంటే ఆ హక్కులన్నీ పుట్టే మాతృక. అది ఎవరి దగ్గరుంటే ఆ పాట రేడియోలో, సినిమాలో, ఫోన్లో ఎప్పుడు మోగినా డబ్బు వాళ్లకే. ‘గ్రీన్ ఆనియన్స్’ పోయింది. ‘సోల్ మ్యాన్’ పోయింది. ఓటిస్ పాటలన్నీ పోయాయి. శామ్ అండ్ డేవ్ అయితే మనుషులే వెళ్లిపోయారు, ఎందుకంటే వాళ్లు మొదటినుంచీ అట్లాంటిక్ వాళ్లు, స్టాక్స్‌కి అప్పుగా ఇచ్చినవాళ్లు. ఆ షరతు ఒప్పందంలో ఉందని తనకు కూడా తెలియదని వెక్స్‌లర్ తర్వాత చెప్పుకున్నాడు. నాకు ఆ మాట మింగుడుపడదు. తెలియకపోతే తెలిశాక తిరిగిచ్చేయొచ్చుగా?

ఇదంతా జరుగుతున్న నెలల్లోనే మిగతా దెబ్బలూ పడ్డాయి. 1967 డిసెంబరు 10న ఓటిస్ ప్రయాణిస్తున్న విమానం విస్కాన్సిన్‌లోని మనోనా సరస్సులో కూలింది. అతనికి ఇరవై ఆరేళ్లు. అతనితో ఉన్న బార్‌కేస్ బృందం కుర్రాళ్లలో నలుగురు పోయారు, బెన్ కాలీ ఒక్కడు సీటు దిండు పట్టుకుని బతికాడు. ఓటిస్ కొద్దిరోజుల ముందే పాడిన ‘డాక్ ఆఫ్ ది బే’ని క్రాపర్ ఏడుస్తూ పూర్తి చేశాడు. అలలు, సముద్రపు పక్షుల శబ్దాలు తర్వాత కలిపినవే. ఆ పాట దేశంలో మొదటి స్థానానికి వెళ్లింది. దాని మాస్టర్ టేపు కూడా అట్లాంటిక్‌కే దక్కింది.

1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. దాదాపు 1,300 మంది సమ్మె కట్టారు. వాళ్లకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న హత్యకు గురయ్యాడు, లొరైన్ మోటెల్ బాల్కనీలో. క్రాపర్, ఫ్లాయిడ్ పాట రాసుకున్న మోటెల్. ఆ తర్వాత ఏడాది పాటు తాను ఏమీ రాయలేకపోయానని ఐజాక్ హేస్ చెప్పాడు. గదిలో కూడా చూపులు మారాయి. రంగు గురించి మాట్లాడుకోవాల్సిన అవసరం లేదనుకున్నవాళ్లకి మాట్లాడక తప్పలేదు.

మామూలుగా కథ ఇక్కడ విషాదంగా ముగుస్తుంది. అసలు నాయకుడు రంగంలోకి దిగేది ఇక్కడే.

అల్ బెల్ ఆర్కన్సా నుంచి వచ్చినవాడు, రేడియో డీజేగా పేరు తెచ్చుకున్నవాడు. కింగ్ నడిపిన సంస్థలో కొంతకాలం పనిచేశాడు. ఊరేగింపులు మాత్రమే సరిపోవు, నల్లవాళ్ల చేతికి ఆర్థిక బలం రావాలన్నది ఆయన పట్టుదల. 1965లో ప్రచారం చూసుకోవడానికి స్టాక్స్‌లో చేరాడు. 1968 మేలో కంపెనీని గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే పెద్ద సంస్థకు అమ్మారు. అప్పటికి స్టాక్స్ చేతిలో పాత పాట ఒక్కటీ లేదు. రికార్డు కంపెనీకి పాత పాటలంటే రైతుకి విత్తనాలు. ఆయన 1969లో ఒక్కసారిగా 27 ఆల్బమ్‌లు తయారు చేయించి మార్కెట్లోకి వదిలాడు. పిచ్చిపని అన్నారు. ఆ గుంపులో నాలుగే పాటలున్న ఆల్బమ్ ఒకటి ఉంది, అందులో ఒక పాట పద్దెనిమిది నిమిషాలు. రేడియో వాళ్లు వేయరని ఎవరైనా చెబుతారు. ఐజాక్ హేస్ ‘హాట్ బటర్డ్ సోల్’ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1972లో అదే హేస్ ‘షాఫ్ట్’ సినిమా పాటకు ఆస్కార్ అందుకున్నాడు. ఉత్తమ గీతం విభాగంలో ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి సంగీతకారుడు.

1970లో జిమ్, బెల్ కలిసి అప్పు తెచ్చి కంపెనీని తిరిగి కొన్నారు. 1972లో జిమ్ వాటా కూడా బెల్ కొనేశాడు. ఎస్టెల్ అప్పటికే వెళ్లిపోయింది. బెల్‌కీ ఆమెకీ పడలేదు. అది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే వీధి మాట విన్న చెవి ఆమెది. కానీ ఆ ఏడాది స్టాక్స్ పూర్తిగా ఒక నల్లజాతి మనిషి సొంతమైంది. అదే ఏడాది ఆగస్టు 20న లాస్ ఏంజిల్స్ స్టేడియంలో వాట్‌స్టాక్స్ కచేరీ పెట్టాడు. ఏడేళ్ల కిందట అల్లర్లలో కాలిపోయిన వాట్స్ ప్రాంతం కోసం. టికెట్టు ఒక్క డాలరు. లక్ష మందికి పైగా వచ్చారు.

బెల్ డబ్బు పారబోశాడని, అందుకే కంపెనీ మునిగిందని ఇప్పటికీ అంటారు. ఖర్చు అదుపు తప్పిన మాట నిజం. సినిమాల్లో, ఇంకా ఎక్కడెక్కడో చేతులు పెట్టాడు. లెక్కలు సరిగ్గా లేవు. నేను ఆయన్ని వెనకేసుకొచ్చి అవన్నీ దాచను. కానీ పక్కనే ఇంకో లెక్క కూడా చూడాలి. 1972లో పంపిణీ కోసం సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందాన్ని కోరి కుదిర్చిన క్లైవ్ డేవిస్‌ని 1973లో సీబీఎస్ తీసేసింది. ఆ తర్వాత ఆ కంపెనీకి స్టాక్స్ మీద ఆసక్తి పోయింది, కానీ వదిలిపెట్టనూ లేదు. జనం పాట అడుగుతున్నారు, దుకాణాల్లో రికార్డులు లేవు. వేరేవాళ్ల ద్వారా అమ్ముకుందామంటే ఒప్పందం ఒప్పుకోదు. ఇలాంటి స్థితిలో ఏ కంపెనీ అయినా అప్పు చేస్తుంది. అప్పిచ్చింది యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకు. ఎస్టెల్ ఉద్యోగం చేసిన బ్యాంకే.

1975 డిసెంబరు 19న ఆ బ్యాంకు కోర్టుకెళ్లి స్టాక్స్‌ని దివాలా తీయించింది. తలుపులు మూతపడ్డాయి. జీతాలు అంతకుముందే ఆగిపోయాయి. బెల్ మీద బ్యాంకు మోసం కేసు పెట్టారు. 1976లో జ్యూరీ నిర్దోషి అని చెప్పింది. శిక్ష పడింది బ్యాంకు అధికారి ఒకరికి. కానీ నిర్దోషి అని తేలేసరికి కంపెనీ లేదు. మిగిలిన టేపులను 1977లో కాలిఫోర్నియాకు చెందిన ఫాంటసీ కొంది, 2004లో ఫాంటసీని కాంకర్డ్ కొంది. నా ఫోన్లోని రెండో పాట అలా అక్కడికి చేరింది.

ఒక తెల్లవాడు కాగితం చదవక పాత పాటలు పోగొట్టుకున్నాడు, ఒక నల్లవాడు కాగితాల్లో ఇరుక్కుని కంపెనీ పోగొట్టుకున్నాడు, ఇద్దరూ సమానంగా నష్టపోయారు కదా అని నా స్నేహితుడు ఒకసారి వాదించాడు. నేను ఒప్పుకోను. జిమ్‌ని అమాయకుడన్నారు, బెల్‌ని నేరస్థుడన్నారు. మెంఫిస్ లాంటి ఊళ్లో నల్లవాడి చేతిలో అంత పెద్ద కంపెనీ ఉండటం ఎంతమందికి మింగుడుపడిందో ఆలోచించకుండా ఈ కథ చెప్పడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

అయితే జిమ్ విషయంలో ఒక మాట చెప్పాలి. తన వాటా అమ్ముకుని డబ్బు చేతికొచ్చాక కూడా, కంపెనీ మునుగుతుంటే ఆస్తి అడ్డంపెట్టి నిలబెట్టడానికి చూశాడు. అంతా పోయింది, చివరికి ఇల్లు కూడా. కాగితం చదవని మనిషే. మాటకు కట్టుబడిన మనిషి కూడా.

ఉద్యోగం వల్ల కొన్నాళ్లు మెంఫిస్ శివారులో ఉన్నాం. అక్కడ మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొత్తగా దిగిన వారంలోనే ఒక పెద్దాయన ఏ కొట్లో మంచి సోనా మసూరి దొరుకుతుందో చెప్పి, అదే గొంతుతో “సౌత్ మెంఫిస్ వైపు మాత్రం వెళ్లకండమ్మా” అన్నారు. ఏడాదిన్నర వెళ్లలేదు. ఆయన మంచికే చెప్పారు. కానీ వెళ్లకుండా ఆ ఊరు మంచిది కాదని నేను కూడా ఇంకో ఇద్దరికి చెప్పాను, అది తప్పు. చివరికి ఒక శనివారం మెక్లెమోర్ అవెన్యూకి వెళ్లాను. ఇళ్ల ముందు వసారాల్లో కూర్చున్న ముసలివాళ్లు చేయి ఊపారు. నేను భయపడాల్సింది ఏమీ కనిపించలేదు. చాలాకాలంగా ఎవరూ డబ్బు పెట్టని వీధి అది, అంతే.

అక్కడున్నది పాత భవనం కాదు. బ్యాంకు చేతుల్లోంచి అది ఒక చర్చికి వెళ్లింది, 1989లో కూల్చేశారు. ఏళ్ల తరబడి ఖాళీ స్థలం. 2003లో అదే చోట అదే ముఖంతో మ్యూజియం కట్టారు, పక్కన పిల్లల సంగీత పాఠశాల కూడా. దాని వెనక పడ్డవాళ్లలో ముఖ్యురాలు డీనీ పార్కర్. ఆమె కూడా ఒకప్పుడు ఎస్టెల్ కొట్టులో పనిచేసిన అమ్మాయే. లోపల స్టూడియో గదిని మళ్లీ కట్టినప్పుడు నేలని వాలుగానే వేశారు. నేను పై నుంచి కిందికి, కింది నుంచి పైకి రెండుసార్లు నడిచాను. కాలికి ఆ వాలు తెలుస్తుంది.

పాఠశాల వైపు నుంచి ఎవరో పిల్లలు ట్రంపెట్ సాధన చేస్తున్నారు. ఒకే ముక్క, మళ్లీ మళ్లీ. గేటు దగ్గర ఉన్న ఆవిడని అడిగాను, ఆ పిల్లలు ఎక్కడి నుంచి వస్తారని. చేయి చాపి వీధి చూపించింది.

జిమ్ స్టూవర్ట్ దశాబ్దాల పాటు జనంలోకి రాలేదు. పెద్ద సన్మానానికి పిలిచినా తన బదులు మనవరాలిని పంపాడు. 2022లో, తొంభై రెండేళ్ల వయసులో చనిపోయాడు. దానికి కొన్నేళ్ల ముందు ఒక్కసారి ఆ మ్యూజియంకి వచ్చాడు. వస్తూ తన ఫిడేలు తెచ్చి వాళ్లకి ఇచ్చి వెళ్లాడు.